నీళ్లు తాగని ఇటుక

నేను ఒక బూడిద ఇటుకను. రంగూ నునుపూ లేవు, ఉన్నదల్లా కడుపునిండా పగ. భూమి అడుగున నా మానాన నేను పడి ఉంటే తవ్వి తీశారు. నాసిరకం బొగ్గని తిడుతూనే కరెంటు కోసం కాల్చారు. సగం కాలిన నల్ల పలుకులతో సహా నీళ్లలో కలిపి, గొట్టం గుండా బూడిద చెరువులోకి తోసేశారు. దీపం వెలిగినప్పుడు నన్ను తలుచుకున్నవాడు ఒక్కడూ లేడు.

ఆ చెరువుకు కట్ట పోసింది మనోహర్ అనే కాంట్రాక్టరు. తూతూమంత్రంగా మట్టి పోసి చేతులు దులుపుకున్నాడు. వానకు కట్ట తెగి, కిందనున్న ఓదెమ్మ మిరపచేను మీద నేను మేట వేశాను. అప్పుడప్పుడే కాయ ఎర్రబడుతోంది. ఆమె లబోదిబోమంటే, బూడిద కూడా ఎరువేనమ్మా అని మనోహర్ నవ్వాడు. తర్వాత ఆ చేనునే చవగ్గా కొని, అందులో ఇటుకల ఫ్యాక్టరీ పెట్టాడు. నన్ను జల్లించి, సిమెంటూ రాతిపొడీ కలిపి అచ్చుల్లో పోయించాడు. ఇటుకలకు నీళ్లు పట్టే పనికి, ఏదో దయ చూపినట్టు, ఓదెమ్మనే కూలికి పెట్టుకున్నాడు.

మాలాంటి నాసి బూడిదకు ప్రాణం నీళ్లలోనే ఉంది. గోనెపట్టాలు కప్పి వారాల తరబడి తడిపితేనే సిమెంటు పట్టు బిగుస్తుంది. మనోహర్ తన కొత్త ఇంటికని పెద్ద కుప్ప వేయించాడు. ఓదెమ్మ మా మీద ముందు పాలిథిన్ పరిచి, దానిపైన గోనెపట్టా కప్పి, రోజూ పట్టాను మాత్రమే తడిపింది. ఆయన వచ్చి పట్టా మీద చెయ్యి వేసి, తడిగానే ఉందని తృప్తిగా వెళ్లేవాడు. దాహంతో మండిపోతూ కూడా నేను సంతోషించాను. నా పగకు తోడు దొరికింది.

ఇల్లు లేచింది, పాలు పొంగించారు. మిగిలిన ఇటుకలను అంగన్‌వాడీ కట్టడానికి దానం చేస్తున్నానని మనోహర్ పెద్దమనుషులను పిలిచాడు. మనిషికి దానం గుర్తొచ్చేది మిగిలినప్పుడే. పిల్లలైనా వాళ్లూ మనుషులే కదా, గోడలు కూలనీ అనుకున్నాను నేను. ఓదెమ్మ అలా అనుకోలేకపోయింది.

అంగన్‌వాడీ దగ్గర లారీలోంచి ఇటుకలు దించుతుంటే అడ్డం వచ్చి, నన్ను తీసి నడుము ఎత్తు నుంచి రాతి మీద వదిలింది. నేను పొడిపొడిగా రాలిపోయాను.

“కావాలనే నీళ్లు పట్టలే,” అంది అందరి ముందూ. “గీ గోడల కింద పోరగాండ్లను కూసోబెట్టకుండ్రి.”

మనోహర్ చెయ్యెత్తాడు. పోలీసులకు పట్టిస్తానన్నాడు. ఆమె కదల్లేదు.

“పట్టియ్యి సారూ. నీ ఇంటికి పోయినయి గూడ గీ కుప్పలయే.”

పెద్దమనుషులంతా ఆయన ఇంటివైపు తిరిగారు. ఎత్తిన చెయ్యి దించడం మనోహర్ మరిచిపోయాడు.

ఓదెమ్మకు కూలిపని పోయింది. నన్ను ఊడ్చి, అదే లారీలో తిప్పి తెచ్చి ఫ్యాక్టరీ వెనక చెత్తలో పోశారు. నాకు చింత లేదు. మనోహర్ ఇప్పుడు కుడితిలో పడ్డ ఎలుక. ఇల్లు పడగొడితే తన ఇటుకను ఇక ఎవరూ కొనరు. పడగొట్టకపోతే అందులో ఉండాలి. భార్యాపిల్లలు ఎప్పుడో పుట్టింటికి వెళ్లిపోయారు. ఇటుకలు కొనడానికి వచ్చినవాళ్లకు ఆయన పగలంతా ఆ గోడలు చూపించి, ఢోకా లేదంటాడు. చీకటి పడగానే మంచం మోసుకొచ్చి నడివాకిట్లో వేసుకుంటాడు. ఊరు ఊరంతా అది చూశాకే తలుపులు వేసుకుంటోంది.