పానకాలు చేతిలో మీటరు కడ్డీ

నేను ఒక మీటరు కడ్డీని. బట్టల కొట్టు బల్ల మీద పడి ఉండే ఇనుప కడ్డీని. రెండు కొసలకూ ఇత్తడి తొడుగు, ఒంటి నిండా గీతలు, ఒక పక్కన తూనికలు కొలతల శాఖవారి ముద్ర. నాకు అందం లేదు, దాని అక్కరా లేదు. అందం సరుకుకు ఉంటే చాలు.

విజయవాడ ఆటోనగర్‌లో ఒక లేతు మిషను కింద పుట్టాను. నన్ను మొదట కొన్నాయన సైకిలు మీద బట్టల మూట కట్టుకొని ఊళ్లు తిరిగేవాడు. మనుషుల సంగతి నాకు అక్కడే తెలిసింది. కొనేవాళ్లు నా గీతలు చూడరు, కొలిచేవాడి బొటనవేలు చూస్తారు. ఆ వేలు గుడ్డను ముందుకు జరుపుతోందా, వెనక్కి లాగుతోందా అన్నదే వాళ్లకు కొలత. మోకాళ్లు పనిచేయక ఆయన మూట మానేసిన రోజున నన్ను తెనాలిలో పాండురంగయ్య షావుకారుకు ఇచ్చేశాడు.

పాండురంగయ్యది మ్యాచింగ్ సెంటర్. చీరకు సరిపోయే జాకెట్టు గుడ్డ, లైనింగు, ఫాలు, లంగా గుడ్డ అమ్ముతారు. ఆడవాళ్లు చీరను సంచిలో పెట్టుకొని వస్తారు. గోడంతా పేర్చిన గుడ్డ తానుల్లోంచి ఒకటి లాగి, చీర పక్కన పెట్టి, గుమ్మం దాకా తీసుకెళ్లి ఎండలో చూపించాలి. ట్యూబులైటు కింద కలిసిన రంగు ఎండలో విడిపోతుంది. ఎండలో కూడా కలిసి, ఆవిడ సరేనన్నాకే కత్తెర. ఒకసారి కోసిన గుడ్డను ఏ షావుకారూ మళ్లీ తానులో కలపలేడు.

ఆ కొట్లో రంగు బాగా తెలిసినవాడు పానకాలు. సంచిలోంచి చీర అంచు కనిపిస్తే చాలు, అతని చెయ్యి సరైన తాను మీదకు వెళ్లేది.

"ఏం బాబూ, కంట్లో ఏవన్నా మిషను పెట్టించుకున్నావా?" అని ఒకావిడ నవ్వింది.

"మిషనైతే కరెంటు పోతే ఆగుద్దండీ. నాది ఆగదు," అన్నాడు పానకాలు.

ఆగేది. కొన్ని రోజులు అతనికి ఎరుపూ నీలమూ ఒకే బూడిద రంగులా ఉండేవి. తాను కోసం వెళ్లి గోడ ముందు అలాగే నిలబడిపోయేవాడు. మరికొన్ని రోజులు అన్నం అక్కర్లేదు, నిద్ర అక్కర్లేదు, ఒకేసారి నలుగురితో మాట్లాడుతూ అమ్మేవాడు. అంతకుముందు రెండు కొట్లలో పని పోయింది ఇందుకే. భార్య సుభాషిణి గుంటూరు తీసుకెళ్లి చూపిస్తే, డాక్టరు దీన్ని బైపోలార్ జబ్బు అంటారని చెప్పి, మాత్రలు మానకూడదన్నాడు. ఈ కొట్లో మాత్రం ఆ మాట ఎవరికీ చెప్పలేదు.

మాత్రలు మనసును నిలబెట్టాయి గానీ చేతికి వణుకు తెచ్చాయి. అది అందరికంటే ముందు నాకు తెలిసింది. నా కొస బల్లకు తగిలి టకటకమనేది. నూలు గుడ్డ అయితే ఫరవాలేదు, ఒక గాటు పెడితే పోగు వెంట తిన్నగా చిరుగుతుంది. పాలిస్టరుకూ బ్రొకేడుకూ కత్తెరే గతి. ఆ కత్తెర పాములా పోయేది.

"ఏందయ్యా, పొద్దున్నే ఏసుకొచ్చావా?" అంది ఒకావిడ, వంకర అంచు చూసి. పక్కనున్నవాళ్లు నవ్వారు. పానకాలు కూడా నవ్వాడు.

ఇక్కడ లెక్క చూడండి. మాత్ర వేసుకుంటే చెయ్యి పోతుంది. మానేస్తే మనసు పోతుంది. కొట్లో పనికి రెండూ కావాలి. ఎటు తిప్పినా నష్టమే వచ్చే ఈ బేరాన్ని ఏ వ్యాపారీ ముట్టుకోడు. పానకాలుకు వేరే బేరం లేదు. శ్రావణ మాసం వస్తోంది, కొట్టు కిటకిటలాడే రోజులు. వణికే చేతితో ఆ నెల గడవదని భయపడి, ఇంట్లో చెప్పకుండా మాత్రలు మానేశాడు.

చెయ్యి నిలిచింది. కత్తెర గీత గీసినట్టు నడిచింది. పాండురంగయ్య మురిసిపోయాడు. రోజురోజుకూ పానకాలు గొంతు పెరిగింది. గుమ్మంలో నిలబడి బజారున పోయేవాళ్లను చీర రంగు పెట్టి పిలిచేవాడు. అమ్మకం కూడా పెరిగింది కాబట్టి ఎవరికీ అనుమానం రాలేదు. సరుకు కదులుతున్నప్పుడు మనుషులు జబ్బును హుషారు అంటారు.

ఒక రోజు పాండురంగయ్య సరుకు కోసం విజయవాడ వెళ్లాడు. పెళ్లివారి ఇంటి నుంచి ఒకావిడ వచ్చి, తాంబూలాల్లో పెట్టడానికి జాకెట్టు ముక్కలు బోలెడు కావాలంది.

"ఏ రంగులో మా తోటికోడల్ని అడిగొచ్చి చెప్తా," అని వెళ్లింది.

ఆవిడ మెట్లు దిగకముందే పానకాలు తానులు లాగడం మొదలుపెట్టాడు. పక్క బల్ల దగ్గర పనిచేసే మస్తాన్ పరుగెత్తుకొచ్చాడు.

"అన్నా, ఆవిడింకా సరే అనలేదన్నా!"

"అంటదిరా. నాకు కనపడతంది. ఊరు ఊరంతా మన ముక్కలే కుట్టించుకుంటది. అడ్డం లే!"

కాసేపు నన్ను పెట్టి కొలిచాడు. తర్వాత నన్ను పక్కకు నెట్టి, చూపుతోనే కోశాడు. పట్టు, బ్రొకేడు, వెల్వెట్టు, ఏదీ వదల్లేదు. ఒక ముక్క చేతులకు చాలదు, ఒకటి వీపుకు చాలదు. మస్తాన్ కత్తెర లాక్కోబోతే, ముఖం మీద చెమట కారుతుండగా పకపకా నవ్వాడు.

సాయంత్రం పెళ్లివారావిడ తిరిగి వచ్చింది. "అన్నీ ఒకటే పసుపులో ఇయ్యండి. రంగురంగులైతే నాకది, నీకిది అని కొట్టుకుంటారు," అంది. ఆవిడ వెనకే పాండురంగయ్య మెట్లెక్కాడు. బల్ల మీద కొండలా ఉన్న ముక్కలను చూశాడు. కేకలు వేయలేదు. చెప్పులు విప్పడం మరిచిపోయి లోపలికి వచ్చి కూర్చున్నాడు.

ఆ తర్వాత పానకాలు చాలా రోజులు రాలేదు. సుభాషిణి వచ్చి, "కామెర్లండీ. పత్యంలో ఉన్నాడు," అంది. కాస్త తేరుకున్నాక అతన్ని వెంటబెట్టుకొచ్చింది. ఆమె మళ్లీ కామెర్ల మాట ఎత్తబోతే అతను ఆపాడు.

"కామెర్లు కాదండీ. నాది మనసు జబ్బు. మాత్ర మానేసినందుకే అట్టా చేశా. ఇంక మానను," అన్నాడు.

సుభాషిణి తల దించుకుంది. పాండురంగయ్య కత్తెర తీసి మస్తాన్ బల్ల మీద పెట్టాడు.

"నిజం చెప్పావు. అదొక్కటీ చాలు నాకు. రంగు నువ్వు చూడు, కత్తెర మస్తాన్ పడతాడు," అన్నాడు.

అది మంచి ఏర్పాటే. కానీ నిజం తెలిశాక షావుకారు చూపు మారింది. పానకాలు నవ్వితే, "మాత్ర ఏసుకున్నావా?" మౌనంగా ఉంటే, "మాత్ర ఏసుకున్నావా?" ఒకసారి ఇద్దరు ఆడవాళ్ల ముందే అడిగాడు. వాళ్లు చీరను మస్తాన్ వైపు జరిపారు.

చలికాలంలో, మాత్రలు వేసుకుంటూనే, అతను మళ్లీ కుంగిపోయాడు. మంచం మీద నుంచి లేవలేకపోయేవాడు. మస్తాన్ కొన్నాళ్లు అతనికి జ్వరమని షావుకారుకు చెప్పాడు. ఒక ఉదయం పానకాలు గడ్డం పెరిగి, చొక్కా గుండీలు తప్పుగా పెట్టుకొని వచ్చాడు. గోడ ముందు నిలబడ్డాడు. ఒకావిడ ఆకుపచ్చ అడిగితే ఏ తానూ లాగలేక చేతులు దించేశాడు.

"పానకాలూ, నేను నడిపేది కొట్టయ్యా," అన్నాడు పాండురంగయ్య, మెత్తగానే. "ఇంటికాడ ఉండు కొన్నాళ్లు."

కొన్నాళ్లంటే ఎంతో ఇద్దరికీ తెలుసు. పానకాలు నన్ను బల్ల అంచుకు తిన్నగా సర్ది వెళ్లిపోయాడు.

ఆ ఏడు తూనికల శాఖ నుంచి ముద్ర వేయడానికి వచ్చినాయన నా కొస అరిగిందని ముద్ర వేయలేదు. నన్ను విరిగిన హ్యాంగర్లతో పాటు బల్ల కింద పడేశారు. షావుకారు ఫోను మాటలు అక్కడికి బాగా వినిపిస్తాయి.

పానకాలు కోలుకున్నట్టున్నాడు. పని అడుగుతూ తిరుగుతున్నాడు. నాకెలా తెలిసిందంటే, మొదట పక్క బజారు కొట్టు నుంచి ఫోను వచ్చింది, పానకాలు ఎట్టాంటోడని.

"బంగారం లాంటోడండీ. రంగు చూట్టంలో వాడంతటోడు లేడు. కాకపోతే తలకి మందులు వాడతాడు. దాచటం నాకు చాతకాదు," అన్నాడు పాండురంగయ్య.

తర్వాత పొన్నూరు, రేపల్లె, గుంటూరు. అదే ప్రశ్న, అదే జవాబు. చివరికి ఒక గ్యాసు గోడౌను నుంచి, కాపలాకు పనికొస్తాడా అని.

మస్తాన్ ఉండబట్టలేక అడిగాడు. "ఆ 'కాకపోతే' అనకుండా ఒక్కసారి ఆపగూడదాండీ?"

"రేపు వాళ్ల దగ్గర ఏదన్నా జరిగితే నా మాట ఏం గావాల?"

షావుకారు మాటకు ఏమీ కాలేదు. పానకాలు తన నోటితో చెప్పుకున్న ఒక్క నిజం, అతనికంటే ముందే ప్రతి ఊరూ చేరింది.

గోడౌను తర్వాత ఫోన్లు ఆగిపోయాయి.

"ఎక్కడో కుదురుకొనుంటాడ్లే," అన్నాడు పాండురంగయ్య.

మస్తాన్ లైనింగు గుడ్డకు గాటు పెట్టి, చర్రున చించాడు.

నిన్న పాత ఇనుము వాడు వచ్చాడు. బల్ల కింది నుంచి నన్ను లాగి, అరిగిన కొసను ఒకసారి తడిమాడు. ఎట్టాంటిదని ఎవరినీ అడగలేదు. బండిలో వేసుకున్నాడు.