కాకి ముద్దకు వచ్చిన నక్క

అమెరికాలో, హెర్న్‌డన్ ఊళ్ళో వాళ్ళ వీధి పేరు హోల్ట్ లేన్. వీధి పేరుకు అర్థం తెలుసుకు రమ్మని మూడో తరగతి జాహ్నవికి బళ్ళో పని ఇచ్చారు. వసంతలక్ష్మి తను కాలేజీలో కొనుక్కున్న లావుపాటి నిఘంటువు తీసి, కూతురి చేతే చదివించింది. పాత ఇంగ్లీషు మాట. చిన్న అడవి, చెట్ల గుంపు అని ఒక అర్థం. జంతువు తలదాచుకునే బొరియ అని ఇంకొకటి.

“అమ్మా, మన బ్యాక్‌యార్డ్ వెనక ఫాక్స్ ఉంది కదా, దాని ఇల్లు కూడా హోల్టేనా?”

వసంతలక్ష్మికి ఫ్రిజ్ మీద అంటించిన ఉత్తరం గుర్తొచ్చింది. రేపు పదకొండింటికి కాలనీ అసోసియేషన్ వాళ్ళు ఆ పొదలన్నీ యంత్రంతో కొట్టించేస్తారు. అక్కడ నక్క పిల్లల్ని పెట్టిందని జాహ్నవి పది రోజులుగా చెబుతూనే ఉంది. వసంతలక్ష్మి వెంటనే అసోసియేషన్ వాళ్ళకి ఫోన్ చేసింది. పిల్లలున్నట్టు ఫోటో పంపితే వేసవి దాకా ఆపుతామంది అవతలి ఆవిడ.

మర్నాడు శనివారం. తల్లీకూతుళ్ళు కెమెరా పట్టుకుని ఏడింటి నుంచీ కిటికీ దగ్గరే ఉన్నారు. తొమ్మిదిన్నరైనా ఆకు కదల్లేదు. జాహ్నవి కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

అత్తగారు రాజేశ్వరమ్మ కుక్కర్ మూత తీస్తూ, “ఇంకాసేపు ఆగండే. పదింటికి గాని రాదది” అంది.

“మీకెలా తెలుసత్తయ్యా?”

వండిన అన్నంలో మొదటి ముద్ద కాకికి పెట్టడం ఆవిడ అలవాటు. పెరటి వైపున్న చెక్క డెక్ మీద మెతుకులు ఎండి అంటుకుపోతున్నాయని పోయిన నెల వసంతలక్ష్మి వద్దంది. గట్టిగా అనలేదు, రెండుసార్లు ఆవిడ ఎదుటే తుడిచింది.

“మానేశాననుకున్నావా? నీ డెక్ జోలికి రాలేదులే. కంచె అవతల రాయి మీద పెడుతున్నా. ఇక్కడి కాకులకి పప్పన్నం పడదు, దానికి పడింది. నెయ్యి లేకపోతే మాత్రం ముట్టదు మహాతల్లి!”

ఆవిడ ముద్ద పెట్టి వచ్చింది. పది దాటాక పొద కదిలింది. ముందు తల్లి, వెనక ఒకదాన్నొకటి తోసుకుంటూ నాలుగు పిల్లలు. వసంతలక్ష్మి వరసగా తొమ్మిది ఫోటోలు తీసి, అడవి జంతువుకి తిండి పెడుతున్నారని తెలిస్తే కాలనీ వాళ్ళు ఊరుకోరని, వాటిలో ముద్ద కనబడనిది ఏరి పంపించింది.

పదకొండుకు పది నిమిషాలున్నాయనగా ఫోన్ మోగింది. పని ఆపేశారట. వీధి మలుపు దాకా వచ్చిన ట్రక్కు వెనక్కి తిరిగింది. జాహ్నవి నాయనమ్మ నడుము చుట్టేసింది. వసంతలక్ష్మికి అప్పుడు గాని తను పొద్దున్నుంచీ కాఫీ కూడా తాగలేదని గుర్తు రాలేదు.

“రేపటి నుంచి డెక్ మీదే పెట్టండత్తయ్యా, కాకులకి.”

“వద్దులేవే. మళ్ళీ తుడుస్తావు.”