ఫోన్ మేడమ్‌కి ఇవ్వండి

మిక్సీ వేస్తే ఫోన్లో మాట వినపడదని లక్ష్మీతిరుపతమ్మ దోసకాయ పచ్చడి రోట్లో నూరుతోంది. బండతో నాలుగు పోట్లు వేయడం, ఆపడం, చెవిలోని ఇయర్‌ఫోన్‌ని వేలితో నొక్కి అవతల ఏమంటున్నారో వినడం, మళ్ళీ నాలుగు పోట్లు వేయడం. అలా నూరితే పచ్చడి ఎప్పటికయ్యేను?

"మిక్సీ పాడైందా ఏందే?" వసారాలో కూర్చుని చింతపండులో గింజలు తీస్తున్న అత్తగారు రాఘవమ్మ అడిగింది.

"లేదత్తమ్మా. ఆయన లైన్లో ఉన్నారు."

"ఆడు లైన్లో ఉంటే కొంపలో గిన్నె కూడా చప్పుడు చెయ్యగూడదు. మొగుడూ పెళ్ళాలు పొద్దస్తమానం ఏం మాట్లాడుకుంటారో తల్లీ!"

మొగుడూ పెళ్ళాలు మాట్లాడుకునే మాటలైతే అవి కావు. ఆమె భర్త శివనాగరాజుకి నరసరావుపేట బస్టాండు దగ్గర కంప్యూటర్ రిపేరు షాపు ఉంది. చెయ్యి మంచిది. పెట్టె విప్పి, దుమ్ము దులిపి, పోయిన ముక్క పీకి కొత్తది వేయడంలో బజారులో అతన్ని మించినవాడు లేడు. కానీ తెర మీద ఇంగ్లీషులో నాలుగు లైన్లు వచ్చాయంటే చెమటలు పడతాయి. అక్కడి నుంచి పని తిరుపతమ్మది. ఆమె తండ్రి మాచర్ల అవతల నాపరాళ్ళ క్వారీలో కూలి. ఆ ఇంట్లో డిగ్రీ దాకా వచ్చిన మొదటి మనిషి ఆమే. కాలేజీ ల్యాబ్‌లో ఉన్నవన్నీ లినక్స్ కంప్యూటర్లు, విండోస్ లాగా డబ్బు పెట్టి కొనే పని లేదని పెట్టినవి. అవి మొరాయించినప్పుడల్లా మిగతా పిల్లలు లేచి వెళ్ళిపోతే, ఈమె మాత్రం కూర్చుని ఎర్రర్‌ని మొదటి నుంచి చివరిదాకా చదివేది. ఆమెకొచ్చిన విద్యంతా అదే, చివరిదాకా చదవడం.

పెళ్ళయిన కొత్తలో షాపులోనే కూర్చునేది. ఒకరోజు పక్క జెరాక్స్ షాపు జ్ఞానయ్య, నలుగురూ ఉండగా, "ఏందిరా నాగరాజూ, ఆడమనిషి కంప్యూటర్ బాగు చేస్తంటే నువ్వు టీలు తెస్తన్నావా?" అన్నాడు. అందరూ నవ్వారు. నాగరాజు కూడా నవ్వాడు. మర్నాడు పొద్దున ఆమె టిఫిన్ బాక్సు సర్దుకుంటుంటే, "ఇంటికాడ అమ్మకి మోకాళ్ళు బాలేవు గదా, నువ్వుంటే నయం" అన్నాడు. మోకాళ్ళు అంతకు ముందు నుంచీ బాగోలేవు. ఆమె బాక్సు విప్పి, అన్నం మళ్ళీ గిన్నెలోకి వంచింది. ఆ రోజు నుంచి నాగరాజు ఒక చెవిలో వైరు పెట్టుకుని పని చేస్తున్నాడు. పాటలు వింటాడనుకుంటారు బజారులో. అతను తెర మీద ఉన్నది తనలో తాను అనుకున్నట్టు చదువుతాడు, ఆమె ఇక్కడ కూర గిన్నె మీద మూత పెట్టి ఏం కొట్టాలో చెబుతుంది. ఈమధ్య ఒక బ్యాంకాయన స్వీట్ ప్యాకెట్టు పట్టుకుని ఇంటికొచ్చి, "మీ ఆయన బుర్రే బుర్రమ్మా! ముట్టుకోకుండానే జబ్బు చెప్పేస్తాడు" అన్నాడు. తిరుపతమ్మ అతనికి మంచినీళ్ళిచ్చింది.

ఇవాళ నాగరాజు ఉన్నది ఆడపిల్లల డిగ్రీ కాలేజీలో. ఎక్కడో విదేశంలోని పెద్ద టెలిస్కోపు ఆకాశాన్ని తీసిన ఫోటోలు ఆ కాలేజీకి పంపుతున్నారు. ఒకే చోటుని కాసేపాగి మళ్ళీ మళ్ళీ తీసినవి. నక్షత్రాలన్నీ ఉన్నచోటే ఉంటాయి, గ్రహశకలం ఉంటే అదొక్కటీ చుక్కలాగా జరుగుతుంది. ఆ జరిగే చుక్కని పిల్లలు పట్టుకుని సాయంత్రంలోగా రాసి పంపాలి. అందుకు వేరే సాఫ్ట్‌వేర్ కావాలి, అది ల్యాబ్‌లోని పాత కంప్యూటర్లలోకి ఎక్కనంటోంది. ఇదంతా ఫిజిక్స్ చెప్పే అర్చన మేడమ్ నాగరాజుకి వివరిస్తే, అతను నిన్న సాయంత్రం చెప్పులు విప్పుతూ భార్యకి చెప్పాడు. చెప్పి, "వారానికి రెండుసార్లు పిల్లలకి నేర్పేదానికి మనిషి కావాలంది. నేనే వస్తానన్నా. నువ్వు ఫోన్లో ఉంటావుగా" అన్నాడు.

"నేనే వెళ్తే?" అంది ఆమె.

అతను ఎగతాళిగా నవ్వలేదు. నిజంగా ఆశ్చర్యపోయాడు. "అంతమంది ముందు నువ్వేం మాట్లాడతావే?"

"ఫోన్లో మాట్లాడేదే."

"ఫోన్లో వేరు. సరేలే, ఇంకోసారి చూద్దాం." ఇంకోసారి అనే మాట ఆ ఇంట్లో చానా మన్నికగా వాడతారు. అది విని రాఘవమ్మ కూడా, "పంతులమ్మల మజ్జెన మనకేం పనే? చెవిలో చెప్పేదానికి మనిషి పోవాల్నా?" అంది. తిరుపతమ్మ మాత్రం బియ్యం డబ్బా పక్కన పడి ఉన్న పాత కంప్యూటర్‌లో ఆ సాఫ్ట్‌వేర్ ఎక్కించి, దాంతోపాటు వచ్చిన మాదిరి ఫోటో ఒకటి తెరిచి చూసింది. చుట్టలు తిరిగిన పొగ లాంటి ఒక గెలాక్సీ. కుక్కర్ విజిల్ వేస్తే లేచి వెళ్ళింది. ఆ పిల్లల పక్కన నిలబడి అలాంటిది ఒక్కటి చూడాలని, అది ఏమిటో తన నోటితో చెప్పాలని ఆమెకి కోరిక పుట్టింది. ఇంత పెద్ద కోరిక పుట్టి ఎన్నాళ్ళయిందో గుర్తు రాలేదు.

"నువ్వు చెప్పింది కొట్టినా ఓపెన్ కావట్లా" చెవిలో నాగరాజు గొణిగాడు.

"ఏమంటంది?"

"ఏదో ఎర్రర్."

"ఏదో కాదండీ, ఉన్నది ఉన్నట్టు చదవండి."

"క్యానాట్ ఎగ్జిక్యూట్... ఎగ్జిక్ ఫార్మాట్ ఎర్రర్."

బండ పక్కన పెట్టింది. "యునేమ్ అని కొట్టి, ఖాళీ వదిలి, మైనస్ ఎమ్ కొట్టండి. ఏం వచ్చింది?"

"ఐ, సిక్స్ ఎయిట్ సిక్స్."

"అదీ సంగతి. అవి ముప్ఫై రెండు బిట్ల కంప్యూటర్లండీ. మీరు అరవై నాలుగుది దించారు. ఆ పేజీలోనే కిందకి పోతే పాతవాటికి వేరేది ఉంటది."

అవతల నాగరాజు గొంతు సవరించుకున్నాడు. తర్వాత వేరే గొంతుతో, షాపు గొంతుతో, "ఏం లేదు మేడమ్, ఇవి థర్టీటూ బిట్. వేరే వెర్షన్ వెయ్యాల" అన్నాడు. "అవునా! నాకు తట్టనే లేదు, థాంక్సండీ" అంది అర్చన మేడమ్. ఆ థాంక్స్ తిరుపతమ్మ చెవికి కూడా వచ్చింది, పక్కింటికి వచ్చిన పోస్టు మన గుమ్మంలో పడ్డట్టు.

తర్వాత కంప్యూటర్ ఏదో లైబ్రరీ ఫైలు లేదంది. తిరుపతమ్మ దాని పేరు అక్షరం అక్షరం అడిగి రాబట్టి, ఎక్కించే కమాండ్ చెప్పింది. ఈలోగా పచ్చడి అయింది, బియ్యం కడిగి పొయ్యి మీద పెట్టింది, పప్పు కుక్కర్లో వేసింది. సాఫ్ట్‌వేర్ తెరుచుకుంది. పిల్లలు చప్పట్లు కొట్టారు. అంతలోనే చప్పట్లు ఆగిపోయాయి.

"నల్లగా ఉంది" అన్నాడు నాగరాజు.

"ఏంది?"

"ఫోటో. ఏది తెరిచినా నలుపే. ఒట్టి నలుపు."

మాదిరి ఫోటో ఇక్కడ బాగానే వచ్చిందే! గ్రాఫిక్స్ డ్రైవరా? "ఒక్క నిమిషం ఆగండి" అంది. అతను ఆగలేదు. మేడమ్ పక్కనే నిలబడి ఉంటే ఆగడమంటే తెలియదని ఒప్పుకోవడమే. మొత్తం తీసేసి మళ్ళీ ఎక్కించాడు. మళ్ళీ నలుపే. ఇంకో కంప్యూటర్‌లో చేశాడు. అదే నలుపు. అతని ఊపిరి చెవిలో బుసబుసమంటోంది. ఎవరో అమ్మాయి, "పోయిన ఏడాది కూడా ఇట్టనే పని కాకుండా పోయిందిగా మేడమ్" అంది. "సాయంత్రంలోపు పంపకపోతే మన పేరు తీసేస్తారర్రా" అంది మేడమ్ నీరసంగా.

"ఏమండీ, మౌస్‌ని ఆ నలుపు మీద జరపండి. పక్కన అంకెలు మారతన్నాయా?"

"నల్లగా ఉందంటే అంకెలేందే" అన్నాడు పళ్ళ బిగువున. అయినా జరిపినట్టున్నాడు. అంకెల సంగతి మాత్రం చెప్పలేదు. చెప్పింది మేడమ్. "నాగరాజు గారూ, ఇటు చూడండి, వేల్యూస్ మారుతున్నాయి. అంటే ఫోటో ఉన్నట్టేగా?"

ఉంది. తిరుపతమ్మకి అర్థమైపోయింది. మాదిరి ఫోటో ఎవరో ముందే సరిచేసి పెట్టింది, ఇవేమో టెలిస్కోపు నుంచి నేరుగా వచ్చినవి. ఎక్కడో ఒక నక్షత్రం విపరీతమైన వెలుగుతో ఉంటుంది. దాన్ని చూపించడం కోసం సాఫ్ట్‌వేర్ మిగతా అన్నిటినీ నలుపులోకి తొక్కేస్తుంది. స్కేల్ అనే మెనూ ఉంది, అందులో జెడ్‌స్కేల్ అనే మాట ఉంది. అది ఒక్కటి నొక్కితే చాలు. ఆ మాట నోటిదాకా వచ్చింది.

నోటిదాకా వచ్చి ఆగింది. ఇది చెబితే ఏమవుతుందో ఆమెకి తెలుసు. నాగరాజు గొంతు సవరించుకుంటాడు. "ఏం లేదు మేడమ్" అంటాడు. పిల్లలు చప్పట్లు కొడతారు. మధ్యాహ్నం అన్నానికొచ్చి, తను చెప్పిన మాటలే తనకి మళ్ళీ చెబుతాడు, తను మొదటిసారి విన్నట్టు "అవునా" అనాలి. వచ్చే వారం నుంచి వారానికి రెండుసార్లు ఇదే పని, ఇదే రోలు పక్కన. మంచివాడు కాదా అంటే మంచివాడే. జ్వరమొస్తే తల పట్టే మనిషి. ఇన్నాళ్ళూ అతని పరువు తన చేతిలో ఉందనుకుని, పాలగిన్నె మోసినట్టు తొణక్కుండా మోసింది. మరి తన పరువు ఎవరు మోశారు? ఎవరైనా మోయవచ్చని కూడా ఆమెకి తోచలేదు, ఇవాళ దాకా. అటు చూస్తే పిల్లలు ఎదురుచూస్తున్నారు, వాళ్ళ తప్పేం లేదు. ఎక్కువసేపు ఆపి ఉంచడానికి వీల్లేదు.

"ఏందే, లైన్లో ఉన్నావా?" నాగరాజు గుసగుసలాడాడు.

"ఉన్నా. ఎట్టా చెయ్యాలో తెలిసింది."

"చెప్పు మరి!"

"ఫోన్ మేడమ్‌కి ఇవ్వండి."

వసారాలో చింతపండు గింజల చప్పుడు ఆగింది.

"ఎందుకు?" అన్నాడు నాగరాజు.

"నేను చెప్తా ఆమెకి."

"లక్ష్మీ... ఇంతమందిలో పరువు తియ్యమాక. ఇంటికొచ్చినాక మాట్లాడదాం, నీకు దండం పెడతా."

ఆ గొంతు వింటే ఏడుద్దామనిపించేటంత జాలి వేసింది. అయినా అంది. "మీ పరువు నేనేం తియ్యను. మీ గురించి ఒక్క ముక్క మాట్లాడను. ఫోటో గురించే మాట్లాడతా. ఇవ్వండి."

వైరు పీకిన చప్పుడు. ఆ వెంటనే ల్యాబ్ మొత్తం, ఫ్యాన్ల హోరు, పిల్లల గోల, ఒక్కసారిగా చెవిలోకి వచ్చిపడింది.

"హలో? ఎవరండీ?" అర్చన మేడమ్.

'నాగరాజు గారి భార్యని' అనబోయి మానుకుంది. "నా పేరు లక్ష్మీతిరుపతమ్మ మేడమ్. బీయస్సీ చదివాను. పైన స్కేల్ అని మెనూ ఉంది చూడండి. అందులో జెడ్‌స్కేల్ నొక్కండి."

"నొక్కాను... ఓ!"

ఆడపిల్లలంతా కలిసి "అబ్బా" అన్నారు, దీపావళి నాడు చిచ్చుబుడ్డి లేచినప్పటిలాగా. "ఎన్ని చుక్కలు మేడమ్!" అని ఎవరో అరిచారు. తిరుపతమ్మ గోడకి ఆనుకుని, మసిపట్టిన వంటింటి కిటికీ వైపు చూస్తూ విన్నది. చుక్కలు ఆమెకి కనపడవు. వాళ్ళకి కనపడుతున్నాయి.

"అమ్మా, ఎందుకు నల్లగా వచ్చాయో పిల్లలకి చెప్పగలరా? స్పీకర్ ఆన్ చేస్తాను."

చెప్పింది. ఎవరో అమ్మాయి ప్రశ్న వేసింది, జవాబు చెప్పింది. ఇంకో అమ్మాయి వేసింది. చివర్న మేడమ్, "మీరు రెండింటికి రాగలరా? చుక్కని పట్టుకునేది అప్పుడే. ఇంట్లో ఒకసారి అడిగి చెప్పండి" అంది.

తిరుపతమ్మ వసారా వైపు చూసింది. రాఘవమ్మ చేతిలో చింతపండు అట్లాగే ఉంది.

"అడగక్కర్లేదు మేడమ్. వస్తున్నా."

నాగరాజు వచ్చేసరికి ఆమె చీర మార్చుకుని జడ వేసుకుంటోంది. అతని జుట్టు నిండా తెల్లటి దుమ్ము. ఫోన్ మేడమ్ దగ్గరున్నంతసేపూ ల్యాబ్‌లో ఆగిపోయిన పెట్టెలన్నీ విప్పి శుభ్రం చేసినట్టున్నాడు. మొహం చూడకుండా కాళ్ళు కడుక్కున్నాడు. తువ్వాలు అందుకుని, "మేడమ్ నన్నేం అనలా" అన్నాడు.

"ఏమంటది? ఆ పెట్టెలు విప్పింది మీరేగా."

"నీకు థాంక్స్ చెప్పమంది." తువ్వాలు దండెం మీద వేస్తూ, "ఆకలేస్తంది. పెట్టు" అన్నాడు.

"అన్నం వార్చా. పచ్చడి ఉంది. పప్పు ఉడికింది, తాలింపు పెట్టాల." చెప్పులు వేసుకుంది. "ఆటో బయట ఉంది."

"తాలింపా? నాకేం తెలుసే!"

"పొయ్యి కాడికి పోయి నాకు ఫోన్ చెయ్యండి. ఏది ముందెయ్యాలో, ఏది వెనకెయ్యాలో చెప్తా" అంది తిరుపతమ్మ మెట్లు దిగుతూ. "అత్తమ్మ అడిగితే మొత్తం మీరే చేశానని చెప్పుకోండి."