తొమ్మిది మందికీ కళ్ళకలకే

ఆమె సిటీ బస్సులో కండక్టరు. పొద్దున్నే డ్యూటీ కావడంతో కూతురి బడి సంగతులన్నీ అక్కకే వదిలేసింది. అక్క ఆ బళ్ళోనే మూడో తరగతి టీచరు. కూతురు చదివేదీ ఆమె దగ్గరే. ఆ పిల్ల ఒట్టి వాగుడుకాయ, అందుకే ఇంటిల్లిపాదీ పిచ్చుక అని పిలిచేవారు. తల్లిదండ్రుల మీటింగని చీటీ వస్తే, "నేనున్నాగా, నువ్వు సెలవు పాడుచేసుకోవడం ఎందుకు?" అనేది అక్క. ప్రోగ్రెస్ కార్డు తెచ్చి, "బానే చదువుతోందే, ఇక్కడ సంతకం పెట్టు" అంటే కండక్టరు చూడకుండానే పెట్టేసేది.

ఒక బుధవారం సాయంత్రం అక్క ఫోన్ చేసింది. "రేపు పిచ్చుకని పంపకే. కళ్ళకలక వచ్చేలా ఉంది. మిగతా పిల్లలకి అంటుకుంటుంది."

కండక్టరు సెలవు పెట్టి ఇంట్లో కూర్చుంది. పిల్ల కళ్ళు తేటగానే ఉన్నాయి. పొద్దస్తమానం మంచం మీంచి దూకుతూనే ఉంది. అక్క ఊరికే అనదులే అనుకుంది తల్లి.

మూడు వారాల తర్వాత, పిచ్చుకతో చదివే ఒక కుర్రాడి తల్లి బస్సెక్కింది. ఆమె నర్సు. చేతిలో ఏదో కవరుంది.

"మావాడికి సగం మార్కులే వచ్చాయండీ. మీ పాపకెన్ని?"

"దేంట్లో?"

"అదేనండీ, మూడు వారాల కిందట గురువారం అన్ని బళ్ళకీ ఒకే తెలుగు పేపరు పెట్టారుగా. మార్కులు ఇంటికే పంపారు. మీకు రాలేదా?" నర్సు నవ్వింది. "అన్నట్టు ఆ రోజు తొమ్మిది మంది పిల్లలు రాలేదట. కట్టగట్టుకుని అందరికీ కళ్ళకలకేనట! మా ఆస్పత్రికి మాత్రం ఒక్కరూ రాలేదు."

వెనక నుంచి ఎవరో "టిక్కెట్టమ్మా" అని రెండుసార్లు పిలిచారు. కండక్టరుకు వినబడలేదు.

డ్యూటీ దిగి యూనిఫాంతోనే బడికెళ్ళింది. ఖాళీ క్లాసులో అక్క నోటుబుక్కులు దిద్దుతోంది.

"ఆ రోజు దాని కళ్ళకేమైందక్కా?"

అక్క ఎర్రపెన్నుకు మూత పెట్టింది. మళ్ళీ తీసింది. "చదవలేని పిల్లలు రాస్తే బడి సగటు పడిపోతుందన్నాడే హెడ్‌మాస్టరు. పేర్లిమ్మన్నాడు..."

"దాని పేరు నువ్వే రాసిచ్చావా?"

"దానికి చదవడం రాదే. ఒత్తులొస్తే ఆగిపోతుంది. పక్కవాళ్ళు చదివింది విని అప్పజెప్పేస్తుంది. నిరుడే కనిపెట్టా. నెమ్మదిగా నేర్పుకోవచ్చు, నిన్ను బెంగపెట్టడం ఎందుకని..."

"అంటే బడంతటికీ తెలుసు. నాకొక్కదానికే తెలీదు." అక్క ముందున్న నోటుబుక్కు మూసేసింది కండక్టరు. "చెప్పుంటే ఏడ్చేదాన్నక్కా. ఏడ్చి, కూర్చోబెట్టి చదివించుకునేదాన్ని."

మర్నాడు హెడ్‌మాస్టరు గదిలో పట్టుబట్టి కూతురిచేత అదే పేపరు రాయించింది. పిచ్చుక ఎగురుకుంటూ బయటికొచ్చింది. "కుక్కపిల్ల కథమ్మా! బొమ్మ చూసి అన్నీ రాసేశా."

ముప్పైకి మూడొచ్చాయి.

పరీక్షకు రాని మిగతా పిల్లల తల్లిదండ్రుల్లో ఐదుగురు ఆమె బస్సు రోజూ ఎక్కేవాళ్ళే. టిక్కెట్టుతోపాటు సంగతీ చెప్పింది. వారం తిరక్కుండా అందరూ కలిసి పై అధికారికి అర్జీ ఇచ్చారు. హెడ్‌మాస్టరును వేరే బడికి మార్చారు. వెనకబడ్డ పిల్లల్ని రోజూ ఒక గంట విడిగా చదివించడం మొదలైంది. అక్కకు హెచ్చరిక కాగితం అందింది.

అది పట్టుకుని అక్క వచ్చి గుమ్మంలోనే నిలబడింది. "పదిమందిలో నా పరువు తీశావు. సొంత అక్కనని కూడా చూడలేదు."

"సొంత అక్కవనేగా ఇన్నాళ్ళూ ఏదీ చూడలేదు," అంది కండక్టరు.

లోపలికి రమ్మని ఆమె అనలేదు. అక్క కాగితం మడిచి వెళ్ళిపోయింది.

ఏడాది చివరికి పిచ్చుక ఒత్తులు కూడబలుక్కుంటూ పేజీ పూర్తి చేయగలిగింది. ఆ రోజు మురిసిపోతూ అడిగింది.

"పెద్దమ్మకి చదివి వినిపించనా?"

తల్లి పుస్తకం వైపే చూస్తూ పేజీ తిప్పింది. "ఇక్కణ్ణుంచి చదువు," అంది.