ఎడమ పక్కన ఊపిరి

ఏళ్ల తరబడి కుట్టుమిషను మీద వంగి కూర్చుని టైలరమ్మకు నడుము పట్టేసింది. ఈత కొడితే మంచిదన్నారు. ఒంటరిగా వెళ్లడానికి మొహమాటపడి, వదినను వెంటబెట్టుకుని, ఆడవాళ్లకని విడిగా ఉంచిన మధ్యాహ్నప్పూట ఈతకొలనుకు వెళ్లడం మొదలుపెట్టింది. నడుము తేలికపడింది గానీ, ఎడమ చెవికి చీము పట్టింది.

చెవి డాక్టరు లైటు వేసి చూసి పెదవి విరిచాడు.

"కర్ణభేరికి చిన్న చిల్లు ఉందమ్మా. చుక్క నీళ్లు కూడా లోపలికి పోకూడదు."

చీము తగ్గాక, మెత్తటి ముద్ద చెవుల్లో పెట్టి అచ్చు తీసి, ఆమెకే సరిగ్గా పట్టే ప్లగ్గులు చేయించి ఇచ్చాడు.

"ఇవి పెట్టుకుని, పైన టోపీ చెవులు కప్పేలా లాక్కోండి. పైపైన ఈదండి. లోతుకు మాత్రం మునగొద్దు, ఒత్తిడికి చిల్లు పెద్దదవుతుంది. బయటికొచ్చాక తువ్వాలుతో అద్దుకోండి, అంతే. పుల్లలూ గిల్లలూ పెట్టి తిప్పారంటే మళ్లీ నా దగ్గరికే వస్తారు."

"సీసాకి బిరడా కొట్టినట్టున్నావే," అని వదిన పడీపడీ నవ్వింది.

నిజంగానే లోకం మూగబోయింది. కేకలూ నీళ్ల చప్పుడూ ఎక్కడో గోడ అవతలికి వెళ్లిపోయాయి. మిగిలింది తన ఊపిరి ఒక్కటే. కొన్నాళ్లకు దాని పక్కనే ఇంకో ఊపిరి వినిపించింది. తాను వదులుతుంటే అది పీల్చుకుంటోంది. పీల్చిన ప్రతిసారీ చివర సన్నటి ఈల. ఎడమవైపు, చెంప పక్కనే. తల తిప్పి చూసింది. నీలం పలకలు, వాటి మీద ఊగే వెలుతురు, అంతే. గోడ పట్టుకుని ఊపిరి బిగబట్టింది. ఆ ఊపిరి మాత్రం ఆగలేదు.

"చెవులు మూసుకుంటే ఒంట్లో చప్పుళ్లే పెద్దగా వినపడతాయమ్మా," అన్నాడు డాక్టరు.

"ఈల కూడానా?"

"ముక్కు దిబ్బడేసిందేమో చూసుకోండి."

వదినకు చెబితే, "నీకు తోడు దొరికిందన్నమాట, ఇక నేను రానక్కర్లేదు!" అంది. కానీ మరదలి మొహం చూసి, ఆ రోజు నుంచి ఎడమ పక్కనే ఈదసాగింది. ఊపిరి వినిపించడం మానేసింది. టైలరమ్మ మనసు కుదుటపడింది.

ఒక మధ్యాహ్నం ఈదుతుంటే మళ్లీ ఈల వినిపించింది. వదినకు జలుబు చేసిందేమో అనుకుంటూ లోతు వైపు గోడ దాకా వెళ్లి తల ఎత్తింది. వదిన అవతలి చివర మెట్ల మీద కూర్చుని టోపీ సర్దుకుంటోంది.

చెవి పక్కన ఆ ఊపిరి తడబడింది, గుటకలు వేసింది, తెగిపోయింది. వినిపిస్తూ వినిపిస్తూ అలా మధ్యలో తెగడం ఇన్నాళ్లలో అదే మొదలు. ఆమె కిందికి చూసింది.

అడుగున పసుపు రంగు బట్టల్లో ఒకావిడ చేతులు చాచి పడి ఉంది. కేక లేదు, బుడగ లేదు. కాపలా ఉండాల్సిన అమ్మాయి అటు తిరిగి ఎవరి కాలికో కట్టు కడుతోంది.

టైలరమ్మ మునిగింది. సగం దూరంలోనే ఎడమ చెవిలో సూది దిగినట్టయింది, ఆ వెంటనే లోపల ఏదో వేడిగా చిట్లింది. అయినా ఆగలేదు. ఆవిడ చంకల కింద చేతులు దూర్చి పైకి తెచ్చింది. వదినా, కాపలా అమ్మాయీ పరుగెత్తుకొచ్చి గట్టు మీదికి లాగారు. ఆ అమ్మాయి గుండె మీద ఒత్తుతూ పోయింది. ఎంతకో నోట్లోంచి నీళ్లు బళుక్కున వచ్చాయి. ఆ వెనకే ఊపిరి.

టైలరమ్మ టోపీ, ప్లగ్గులు పీకేసి, మంచి చెవిని ఆవిడ నోటి దగ్గర పెట్టింది. పీల్చిన ప్రతిసారీ చివర సన్నటి ఈల. అదే.

ఆవిడ తేరుకున్నాక టైలరమ్మ మెల్లగా అడిగింది. "ఇక్కడికి ఎప్పట్నుంచి వస్తున్నారండీ?"

"ఇవాళే. నిన్ననే ఈ ఊళ్లో దిగాను. నాకసలు ఈతే రాదు... అంచు పట్టుకుని నడుస్తుంటే కాలు జారింది. చిన్నప్పట్నుంచీ ఆయాసం కూడా."

వదిన నవ్వలేదు. తువ్వాలును రెండు చేతులా నలుపుతూ నిలబడిపోయింది.

టైలరమ్మ చెవిలో చిల్లు పెద్దదై ఆపరేషన్ అయింది. అతుకు పడింది గానీ, ఆ చెవికి వినికిడి మందగించింది. కట్టు విప్పక ముందే ఆ మునిగినావిడ పళ్లు పట్టుకుని ఇంటికి వచ్చింది. ఊరు మారుతున్నానని, సముద్రం పక్కన కూతురింటికి వెళ్తున్నానని సంబరంగా చెప్పింది. టైలరమ్మ ఆవిడ చెయ్యి వదల్లేదు.

"ఒక్కరే నీళ్లలో దిగకండి."

"అయ్యో, ఇంకా నీళ్ల జోలికి పోతానా!" అని ఆవిడ నవ్వబోయి దగ్గింది.

ఆవిడ మెట్లు దిగి వెళ్లిపోయాక వదిన అడిగింది. "చెప్పలేదేం?"

"ఏమని చెప్పను వదినా? మీ ఊపిరి మీకంటే ముందే ఈ ఊరొచ్చిందనా?"

వదిన లేచి వెళ్లి, పట్టపగలే తలుపు గడియ పెట్టింది.