చిన్నరాములు రెండో షిఫ్టు

ఈ ముచ్చట మొట్టమొదలు చెప్పింది రాజవ్వ. పటాన్‌చెరుల నెట్టు సెంటర్ మెట్ల కింద మిర్చీల బండి ఆమెది. ముత్తంగి అడ్డా మీద దీన్నే ఇంకో తీరుగ చెప్పేటోల్లు ఉన్నరు. ఆ దినం వాల్లు ఆడ లేరు, రాజవ్వ ఉండె. అందుకని ఆమె మాటే మాట.

కర్దనూర్ సోమయ్య పొద్దుగాల లేచి, ఎడ్లు పోయి ఆరేండ్లయినా అలవాటు పోక కొట్టం ఊడ్చి, అంబలి తాగి, పన్నెండు కొట్టంగ ఉతికిన ధోతి కట్టి రుమాలు చుట్టేటోడు. చుట్టు వంకరైతే విప్పి మల్ల చుట్టాలె, అసొంటి మనిషి. ఒకని మీద కోపమొస్తే వాని ఇంటి ముందటి బాట కూడ ఇడిచి నడిచే మనిషి. కోడలు దేవమ్మ గిన్నె పట్టుకొని ఎనుక వచ్చేది. ఇద్దరు ఆటో దిగి, రెండు కొట్టక ముందే నెట్టు సెంటర్ల నాలుగో నంబరు కంప్యూటర్ ముందట కూసునేటోల్లు.

రెండు కాంగనే చిన్నరాములు డ్యూటీ ఎక్కేటోడు.

చిన్నరాములు సోమయ్యకు ఒక్కడే కొడుకు. మందుల కంపెనీల కాంట్రాక్టు పని. రెండువేల ఏడు శ్రావణంల ఆ కంపెనీల మందు కాగే రియాక్టర్ పేలింది. ఆ దినం నుంచి వాడు ఆటల ఉన్నడు. బతికున్నప్పుడు షిఫ్టు దిగి ఆడిన ఆటే అది. కత్తులు, గుహలు, రాక్షసులు, దేశదేశాలోల్లు నెట్టు మీద కలిసి ఆడేది. అప్పుడు వాని బొమ్మ వాడు కొట్టిన బటన్లకు నడిచేది. ఇప్పుడు ఎవ్వలు ముట్టకున్నా నడుస్తది. కరెంటు పోతే అన్ని కంప్యూటర్లు ఆరేటివి, నాలుగో నంబరు ఆరకపోయేది. ఎవలన్న తెల్వక కూసోబోతే సెంటర్ సేటు, "అది చిన్నరాములు సీటు, పక్కకు జరుగు" అనేటోడు. అంతే. దాని మీద వేరే మాట లేకుండె.

ఆ ఆటల ఇనుపకోట అని ఒక గుహ ఉండె. దాని కథ చిన్నరాములే అన్నం తినుకుంట దేవమ్మకు చెప్పిండు. చావు రావొద్దని ఒక రాజు కొండ కింద పెద్ద గంగాళంల మందు కాగబెట్టిండంట. కాగి కాగి గంగాళం పగిలి, అండ్లకెల్లి పచ్చ పొగ రాక్షసుడు లేచిండంట. లోపలికి పోవాల్నంటే ఐదుగురు కావాలె, నలుగురికి తలుపు తెరుసుకోదు. ముందు నడిచేటోడు డాలు పట్టాలె. దెబ్బలన్ని వానివే.

డాలు ఎప్పుడు చిన్నరాములుదే.

మిగిలిన నలుగురు వానితోటి రియాక్టర్ కాడ పనిజేసినోల్లే. పేలిన దినం పానంతోటి బయటపడ్డోల్లు. ఇప్పుడు మొదటి షిఫ్టు దిగి, యూనిఫాం కూడ మార్చకుండ వచ్చి తలా ఒక కంప్యూటర్ పట్టుకునేటోల్లు. వాల్లల్ల పెద్దోడు మొగులయ్య. ఐదుగురు గుహలకు పోతరు. నాలుగు గంటలకు గంగాళం కాడికి చేరుతరు. పచ్చ పొగ లేస్తది. నలుగురు ఎనుకకు ఉరుకుతరు. చిన్నరాములు తలుపుకు డాలు అడ్డంబెట్టి నిలవడ్తడు. తలుపు మూసుకుంటది. వాడు లోపల కాలిపోతడు. మల్ల తెల్లారి రెండు గంటలకు గుహ ముందట డాలు పట్టుకొని తయారు.

రియాక్టర్ పేలింది కూడ నాలుగింటికే.

కని కంపెనీ పుస్తకంల చిన్నరాములు ఆ దినం డ్యూటీకి రాలేదు. కాంట్రాక్టోల్ల హాజరు పెన్సిల్‌తోటి రాస్తరు, నెల ఒడిసినంకనే పెన్నుతోటి దిద్దుతరు. పేలిన దినం నెల ఒడవలేదు. పొద్దుమూకక ముందే టైంకీపర్ యాదగిరి పటేలు సోమయ్య ఇంటికి బండేసుకొని వచ్చిండు.

"మీవోడు యాడున్నడు సోమయ్యా?"

సోమయ్య అప్పటికి పదకొండు నెలల సంది కొడుకుతోటి మాట్లాడుత లేడు. వాల్లమ్మ సంవత్సరీకం నాడు కూడ ఆటకాడనే కూసున్నడని కోపం. ఒక్క కడప లోపలుండి ఇద్దరు రెండు ఊర్లోల్ల లెక్క బతుకుతుండ్రి. నాలుగింటికి చప్పుడు ఇన్నడు గని అది దేని చప్పుడో ఎవ్వలు చెప్పలే.

"వాడా? ఆ కంప్యూటర్లనే సచ్చుంటడు. డ్యూటీకి పోయేంత బుద్ధి వానికి యాడిది పటేలా?"

"గదే మాట నేను రాస్త, కింద సంతకం పెట్టు" అని పటేలు కాయితం తీసిండు.

వేలిముద్ర ఏస్తే తక్కువతనం. సోమయ్య రాత్రి బడిల నేర్సుకున్న మూడక్షరాలు, సో, మ, య్య, కుదురుగ దించిండు. ఆ సంతకంతోటి పెన్సిల్ గీత తుడుసుకపోయింది. పొగల దొరికినకాడికి ఊరు పేరు లేనోల్లని మూటగట్టి కంపెనీ బండి పోయింది.

అప్పటి సంది దేవమ్మ ఇటు ముత్తయిదువ కాదు, అటు ముండమోపి కాదు. నల్లాకాడ ఆడోల్లు, "బొట్టు ఎవలి కోసమే? బొంబయికి పారిపోయినోని కోసమా?" అనేటోల్లు. కులపెద్దల కాడికి పోతే, "బతికున్నోనికి పిట్టకెట్ల పెడ్తమమ్మా? పోలేదని మీ మామ సంతకమే ఉన్నది గద" అన్నరు. సచ్చినోనికి ఇష్టమైనయి వండి బయట పెడ్తె కాకి ముట్టాలె. ముడితేనే పానం నిమ్మలపడ్డట్టు. ముట్టకుంటే మనసుల ఏదో మిగిలినట్టు. చిన్నరాములుకు ఆ మెతుకే ఎవ్వలు పెట్టలే.

ఒక దినం నాలుగు దాటినంక దేవమ్మ అన్నది, "మామా, ఇగ సాలదా? రోజు కాలుతుండు. ఎన్ని తాపల కాలాలె?"

"కనవడుతుండు గదనే."

"నీకు కనవడుతుండు. ఆయనకు కాలుతుంది."

పిట్టకు పెడ్తే వాడు నిమ్మలపడ్తడు. నిమ్మలపడ్తే మల్ల కనవడడు. ఆ సంగతి ఇద్దరికి ఎరుకే. పదకొండు నెలలు ఒక్క ఇంట్లుండి చూడని మొఖాన్ని సోమయ్య ఈ కంప్యూటర్ అద్దంల చూస్తుండు.

మొగులయ్యను నిలేసిండు. "అరేయ్, నిజం చెప్పు. ఆ దినం ఏమైంది?"

మొగులయ్య కీబోర్డు దిక్కే చూసుకుంట, "ఇగో, గిదే అయింది పెద్దనాయినా. ఉరుకుండ్రిరా అన్నడు. మేం ఉరికినం. తలుపు వాడు పట్టుకున్నడు" అన్నడు.

"గీ మాట నలుగురి ముందట చెప్తవా?"

"చెప్తే తెల్లారి గేటు బయట ఉంటం. పిల్లలున్నరు. నీ కాల్మొక్త, నన్ను అడుగకు."

"ఆటల ఉరుకుతరు, బయట గూడ ఉరుకుతరు! థూ!" అన్నడు సోమయ్య.

తెల్లారి ఆయనే కంపెనీ గేటుకాడికి పోయిండు. యాదగిరి పటేలు బయటికొచ్చి, "ఇప్పుడొచ్చి గిట్లంటే ఎట్ల సోమయ్యా? నీ చెయ్యి రాతనే గద అది. ముసలితనంల అబద్ధం నీకెందుకు?" అని లోపలికి పోయిండు. అబద్ధమాడనోడని ఊరంత చెప్పుకున్న మనిషిని అంత మాటన్నడు. సోమయ్య ఎర్రటెండల గేటుకాడ నిలవడ్డడు. చౌకీదారు హిందీల జరుగుమనేదాక నిలవడ్డడు. తిట్టుదామంటే నోట్లె తిట్టు లేదు. ఆ మూడక్షరాలు తనయే.

ఆఖరికి పిట్టకు పెట్టేతందుకు సోమయ్య ఒప్పుకున్నడు. శుక్రారం నాడు దేవమ్మ బువ్వ, చిన్నరాములుకు ఇష్టమైన మేకపేగుల బోటి కూర వండుకొచ్చింది. పెద్దమనిషి ఒకరుండాలె అని సోమయ్య రాజవ్వను బండి ఇడిపించి పైకి పిలుసుకపోయిండు. కిటికీ గోడ మీద విస్తరి పెట్టిండ్రు. సేటు వచ్చి చూసి, "జెర కంప్యూటర్ల మీద మెతుకులు పడనీకుండ్రి" అని పోయిండు.

కాకి ఎదురుంగ తీగ మీద కూసున్నది. రాలే.

"రారా, దేవమ్మను మేం చూసుకుంటం" అన్నది రాజవ్వ. కాకి కదల్లే. "ఆటల నీ కత్తి అమ్ముకోనురా, నీ పేరు మీదనే ఉంచుత" అన్నడు మొగులయ్య. కాకి రెక్కలు దులుపుకున్నది. "పోరాదు, నన్ను ఇడిచిపో" అన్నది దేవమ్మ. కాకి అటు దిక్కు తిరిగింది.

అద్దంల నాలుగు కాబోతుంది. పచ్చ పొగ లేచింది. మిగిలిన నలుగురి ఉరుకుడు షురువైంది.

సోమయ్య తలకెల్లి రుమాలు తీసిండు. మంది ముందట ఆయన నెత్తి ఎవ్వలు చూడలే. దాన్ని చంకల పెట్టుకొని, కిటికీకి కాదు, నాలుగో నంబరు దిక్కు తిరిగి దండం పెట్టిండు.

"బిడ్డా, ఆ దినం నువ్వు డ్యూటీకి పోయినవ్. సద్ది డబ్బ కట్టుకొని నా ముందట్నే పోయినవ్. నేను చూసిన. కోపంల పోలేదన్న. తప్పు నాది. సంతకం నాది. పోయినవ్ రా. పనికాడ సచ్చినవ్."

కాకి వచ్చి విస్తరి మీద వాలింది. బోటి ముక్క ఎత్తుకొని పోయింది.

అద్దంల తలుపు ఇంకా మూసుకోలే. చిన్నరాములు డాలు కింద పెట్టిండు. పొగ దిక్కు కాదు, ఇటు దిక్కు ఒక్కసారి తిరిగిండు. షిఫ్టు దిగినోడు నడిచినట్టు చేతులూపుకుంట నలుగురి ఎనుక తలుపు దాటి పోయిండు. నాలుగో నంబరు ఆరిపోయింది. కరెంటు ఉన్నది, మిగిలినయన్ని నడుస్తనే ఉన్నయి.

దేవమ్మ ఏడ్వలే. మెట్లు దిగొచ్చి, రాజవ్వ బండి రాయికి గాజులు కొట్టుకొని, "ఇగ నన్ను ఎవ్వలన్న అడిగితే నా మొగడు సచ్చిపోయిండని చెప్త" అన్నది. గంత మాట నోటినిండ అనేతందుకు ఆమెకు తొమ్మిది నెలలు పట్టింది.

సోమయ్య తెల్లారి రెండింటికి మల్ల పోయిండు. ఆ సీట్ల ఇంటర్ రిజల్టు చూసుకునే పిల్లలున్నరు. జరుగుమనలే. నిలవడి, నిలవడి, దిగి పోయిండు. మొగులయ్యోల్లు మల్ల గుహకు పోలే. నలుగురికి తలుపు తెరుసుకోదు. చూసేతందుకు సోమయ్యకు ఇగ ఏం లేకుండె. ఎండకాలం దాటకముందే కొట్టంల చీపిరి చేతిల పట్టుకొనే పానం ఇడిసిండు.

కంపెనీ పేరు ఇప్పుడు వేరే. పాత పుస్తకాలు గోదాంల ఉన్నయంటరు. పరిహారం పైసలు ఎవ్వలు అడుగుత లేరు. లోపలికి పోగలిగినోల్లు, సదువొచ్చినోల్లు ఎవలన్న ఉంటే పోయి రెండువేల ఏడు శ్రావణం రెండో షిఫ్టు తియ్యుండ్రి. మొగులయ్య పేరు కింద చిన్నరాములు పేరు ఉంటది. ఆడ రబ్బరు రుద్దిన కాయితం పల్సగ ఉంటది, వేలు పెడ్తే తెలుస్తది. దాని మీద వచ్చిండని రాయుండ్రి. పెన్సిల్‌తోటి కాదు, పెన్నుతోటి. అండ్లనే ఒక కాయితం కుట్టి ఉంటది. దాని కింద కుదురుగ మూడక్షరాలు ఉంటయి. వాటిని కొట్టెయ్యుండ్రి.