ఆఖరి సూరా తర్వాత

ఫరీదాబాద్ ఫ్యాక్టరీల వెనక గల్లీలో, సాయంత్రం నాలుగున్నరయ్యేసరికి ఖైరున్నీసా గుమ్మం ముందు చిన్న చిన్న చెప్పులు వరస కడతాయి. లోపల చాపమీద పదిహేను మంది ఆడపిల్లలు ముందుకూ వెనక్కూ ఊగుతూ ఖురాను చదువుతుంటారు. దారిన పోయేవాళ్ళు ఒక్క నిమిషం నిలబడి విని, హాయిగా వెళ్తారు. ఒక్క సంగతి మాత్రం ఎవరి కంటా పడదు. ఖురాను మొత్తం చదివి 'ఆమీన్' వేడుక చేసుకున్న పిల్ల ఆ మర్నాటినుంచి ఇక్కడికి రాకపోవడమే కాదు, బడికి కూడా వెళ్ళదు.

బాపట్ల నుంచి భర్త వెంట వచ్చి, ఆయన పోయాక ఈ పాఠాలే ఆధారంగా బతుకుతున్న ఖైరున్నీసాకే ఈ సంగతి తట్టడానికి ఇరవై ఏళ్ళు పట్టింది. అందరూ 'ఆపా', అంటే అక్క, అని పిలిచే ఆమెకు త్వరగా ముగించే పిల్లంటే మహా ముద్దు. ఆ ముద్దుతోనే ఎందరు చురుకైన పిల్లల బడి మాన్పించిందో ఇప్పుడు లెక్కపెట్టుకుంటోంది. ఆమెకూ పన్నెండేళ్ళకే ఆమీన్ చేసి, ఏడో తరగతి పుస్తకాలు పక్కింటి పిల్లకిచ్చేశారు.

ఇప్పుడు తహసీన్ వంతు. లేత్ మిషన్ మీద పనిచేసే మీరావలి కూతురు. ఎనిమిదో తరగతి పాసైంది. తొమ్మిదిలో చేరడానికి ఇంకా మూడు వారాలే గడువు. ఖురానులో మిగిలింది ఒక్క చిన్న సూరా, ఆఖరి అధ్యాయం. ఫారం సంగతి అడిగితే తండ్రి "ఆమీన్ అయ్యాక చూద్దాం" అంటున్నాడు. ఆ చూడడమంటే బడి మాన్పించడమేనని ఖైరున్నీసాకు ఇప్పుడు తెలుసు.

ఆమీన్ కాని పిల్లను బడి మాన్పించే ఆనవాయితీ లేదు గనక, ఖైరున్నీసా ఒక ఉపాయం పన్నింది. గడువు దగ్గరపడితే ఆమీన్ కోసం ఆగకుండా మీరావలి పిల్లను బడిలో చేరుస్తాడన్న ఆశతో పాఠం ముగియనివ్వలేదు. ఒకరోజు ఊపిరి తెగిందంది, ఒకరోజు గొంతు నిలవలేదంది. అలా మూడు వారాలు సాగదీసింది. లేని తప్పు పట్టినప్పుడల్లా లోలోపల అల్లాను క్షమాపణ అడుక్కుంది.

సోమవారంతో గడువు ముగుస్తుందనగా, శనివారం తహసీన్ పుస్తకం మూసి తల వంచుకుంది.

"నావల్ల కాదులే ఆపా. ఇంత చిన్న సూరాయే రానిదాన్ని, తొమ్మిదో తరగతి ఏం చదువుతాను?"

తన ఉపాయం ఎక్కడికి తెచ్చిందో ఖైరున్నీసాకు అప్పుడు తెలిసింది. కాపాడాలనుకున్న చేత్తోనే పిల్ల ధైర్యాన్ని తుంచేసింది. అప్పటికప్పుడు తహసీన్ చెయ్యి పట్టుకుని మీరావలి ఇంటికి వెళ్ళింది. పిల్ల పాఠం మూడు వారాల కిందటే బంగారంలా వచ్చిందని, తానే అబద్ధమాడానని, ఎందుకు ఆడిందో కూడా దాచకుండా చెప్పింది. తహసీన్ కళ్ళు తుడుచుకుంది. మీరావలికి కోపం వచ్చింది గానీ, పెద్దావిడ ముందు గొంతు పెంచలేదు.

"తొమ్మిదో తరగతి ఉన్న బడికి రెండు బస్సులు మారాల ఆపా. ఆడపిల్ల. దారిలో ఏదన్నా అయితే?" అన్నాడు.

రేపే ఆమీన్ పెట్టుకోమని మాత్రం చెప్పి ఖైరున్నీసా వెళ్ళింది.

ఆదివారం మీరావలి ఇల్లు నిండింది. తహసీన్ ఆఖరి సూరా ఒక్క తడబాటు లేకుండా చదివింది. అందరూ లడ్డూల పళ్ళెం వైపు తిరుగుతుంటే ఖైరున్నీసా చెయ్యెత్తి ఆపి, కానివ్వమన్నట్టు పిల్ల వైపు చూసింది. ఆచారం ప్రకారం తహసీన్ పుస్తకం మొదటికి తిప్పి, మొట్టమొదటి సూరా అందుకుంది. ఎప్పుడూ గబగబా కానిచ్చేసే ఆ ముక్కను ఆ రోజు అందరూ పూర్తిగా విన్నారు.

"విన్నావుగా మీరావలీ," అంది ఖైరున్నీసా. "ఆఖరిది కాగానే మొదటిది ఎత్తుకోమన్నారు పెద్దలు. ముగిసిందని మూసేసే పుస్తకం కాదిది. దీని పేరు చెప్పి పిల్ల మిగతా పుస్తకాలు మనమెట్టా మూస్తాం? నీ భయం బస్సేగా. సాయంత్రం దాకా నాకు పనేముంది, రానూ పోనూ దాంతో పాటు నేనూ ఎక్కుతా. ఏడో తరగతి తర్వాత బడి ఎట్టా ఉంటుందో నేనూ చూడలా."

మీరావలి అప్పటికే చేతిలోకి తీసుకున్న లడ్డూ తిరిగి పళ్ళెంలో పెట్టేసి, చెయ్యి తుడుచుకుని, "ఫారం పట్టుకురామ్మా" అన్నాడు.

అక్షరం విలువ తెలిసిన తల్లిదండ్రులారా, మీ ఇంట ఆమీన్ జరిగే రోజున మిఠాయి పళ్ళెం పక్కన పై తరగతి ఫారం కూడా ఉండనివ్వండి.